బందరు చెప్పు పాఠము

వరంగల్లు చెంతనున్న ఎనుమాముల మార్కెట్టునకు ఏటేట మిరపకాయలును, పత్తియు బస్తాలకు బస్తాలుగా వచ్చుచుండును. ఈ రెండింటి చరిత్రయు సముద్రముతో ముడివడినదే. మిరప మన దేశమున పుట్టినది కాదు. 1492లో కొలంబసు అమెరికా దీవులు చేరిన పిదప స్పెయినువారు దానిని ఐరోపాకు గొనిపోయిరి. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసు ఓడలు మనకు దెచ్చినవి. పత్తి కథ ఇందుకు విపరీతము. తెలుగువాని నూలు వస్త్రమునకై ఐరోపావారే మన తీరము వెదకికొని వచ్చిరి. అట్లు వారు దిగిన రేవులలో మేటి బందరు.

1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును, 1669లో ఫ్రెంచివారును అచ్చట వర్తకశాలలు నెలకొల్పిరి. 1759లో కోట ఫ్రెంచివారినుండి ఆంగ్లేయుల వశమయ్యెను. త్రాసు పట్టిన చేయి కత్తి పట్టినది. నేడా పట్టణమున డచ్చివారి సమాధులపై చెక్కిన శాసనములు, శిథిలమైన కోట, సెయింట్ మేరీ చర్చి ఆ కాలమునకు సాక్షులు. 1864 నవంబరు 1వ తేదీనాటి ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నది. రాబర్టు నోబిలు 1843లో ఆంగ్ల పాఠశాల స్థాపించిన ఊరిలోనే, 1910లో స్వాభిమానమునకు ప్రతీకగా ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది.

ఇవి మన వారసత్వమేనా? దాస్యచిహ్నములని త్రోసిపుచ్చువారు కొందరు, దొరల ఘనతయని మురియువారు కొందరు. ఇరువురును సగమే చూచుచున్నారు. కట్టించినవారు పరాయివారే, రాయి మోసినది, సున్నము నూరినది మనవారు. ఆ వైభవమునకు మూలధనము మన నేతగాని శ్రమ. అచ్చటి చర్చిలలో నేడు తెలుగుననే ప్రార్థనలు జరుగుచున్నవి.

ఫిలిప్పీన్సువారిని చూడుడు. వారిపై స్పెయిను పాలన 1898లో అంతరించినది. ఐనను ఆనాటి విగాన్ పట్టణమును, దాని చర్చిని, వీధులను వారు కూల్చుకొనలేదు. తమ పూర్వుల పనితనము అందు గలదని గుర్తించి కాపాడుకొనిరి. 1999లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించెను. పాలకుని క్షమించుట వేరు, పనివానిని స్మరించుట వేరు. రెండవదానికి మొదటిది అక్కరలేదు.

కావున ఉపాధ్యాయులకు మా మనవి. వేయిస్తంభముల గుడిని, రామప్పను చూపిన కన్నులకే బందరునుగూడ చూపుడు. విద్యార్థులచేత ఒక సమాధిశాసనమును చదివించి, దాని సంవత్సరమును వ్రాసికొనుమనుడు. చర్చిలోనికి గుడిలోనికి బోయినట్లే భక్తితో అడుగిడుమనుడు. పిదప సమీపమునగల పెడనకు గొనిపోయి, కొయ్య అచ్చుతో కలంకారీ అద్దువాని చేతిని చూపుడు. ఆ చేతిని చూడనివానికి ఆ సమాధిరాయి సగమే అర్థమగును.

ఆలనలేని రాయి అరిగిపోవును. అడుగువాడు లేని చరిత్ర అంతకు ముందే చెరిగిపోవును. అడుగుట నేర్పవలసినది బడియే.