“స్నానం చేసి రా!”

మా కంకిపాడులో కిందటి వేసవిలో ఒక ఇంటి పెరట్లో జరిగిన సంగతి ఇది. స్కిజోఫ్రీనియాతో బాధపడుతున్న యువకుడు నెలరోజులుగా స్నానం చేయడం లేదని, బంధువులు నలుగురు అతణ్ణి పట్టుకొని కూర్చోబెట్టి గుండు చేయించి, బిందెలతో నీళ్లు కుమ్మరించారు. “ఇప్పుడు మనిషిలా ఉన్నాడు” అన్నారు చూడవచ్చినవారు. ఆ తరువాత వారం రోజులు అతడు గది దాటి రాలేదు.

అతడు ఒకప్పుడు నా విద్యార్థి. అంతకు ముందొకసారి, రోహిణీకార్తె ఎండలో ఉన్ని స్వెట్టరు తొడుక్కొని “మాస్టారూ” అంటూ మా అరుగెక్కితే, “ముందు స్నానం చేసి రా, పో!” అని తిప్పి పంపినవాణ్ణి నేనే. ధర్మలక్షణాలలో శౌచమొకటని ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి కదా! రోగాన్ని సోమరితనమనుకొన్నాను.

ఈ వ్యాధిలో భ్రమలూ, చెవిలో వినిపించే గొంతులూ అందరికీ తెలిసినవే. పని మొదలుపెట్టగలిగే ఇచ్ఛయే సన్నగిల్లిపోవడం కూడా వ్యాధి లక్షణమేనని ఎందరికి తెలుసు? మనకు స్నానం ఒక్క పని. అతనికి లేవడం, తువ్వాలు వెతకడం, నీళ్లు తోడుకోవడం, బట్టలు విప్పడం... ఇన్ని పనుల వరుస. ఎక్కడో ఒకచోట అది తెగిపోతుంది. దానికి తోడు మందుల మత్తు. వైకల్య ధ్రువపత్రం కోసం వైద్యులు వాడే ‘ఐడియాస్’ కొలమానంలో మొదటి అంశం, తన ఒంటి సంగతి తాను చూసుకోగలగడమే. ప్రభుత్వం వైకల్యంగా లెక్కించేదాన్ని మనం గుణదోషంగా లెక్కిస్తున్నాం!

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్, చికిత్సాలయాలలో బలవంతంగా గుండు గీయించడాన్ని నిషేధించింది. ఇష్టమైతే సొంత బట్టలే కట్టుకొనే హక్కునిచ్చింది. బహిష్టు సమయంలో స్త్రీలకు కావలసినవి అందించాలన్నది. ఆసుపత్రిలో చేయకూడనిది ఇంటి పెరట్లో చేయవచ్చునా?

అతని తల్లి ఇప్పుడు వేరే దారి పట్టిందని మా ఇంటావిడ చెప్పింది. తెల్లవారుజామున లేపదట. మత్తు వదిలాక, పదకొండు గంటలకు, గోరువెచ్చని నీళ్లు పెట్టి, తువ్వాలు చేతికిచ్చి, “నీళ్లు పెట్టాను నాయనా” అని పక్కకు తప్పుకొంటుందట. కుదరని రోజున ముఖం కడుక్కొంటే చాలు, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకొన్నా చాలు. పళ్లు తోముకోవడం మాత్రం వదలనివ్వదు (కొన్ని మందులకు నోరెండి పళ్లు పాడవుతాయి). వాసన మాట ఎత్తదు. బాగానే ఉన్నవాడు ఉన్నట్టుండి స్నానం మానేస్తే మాత్రం తిట్టడానికి కాక, వ్యాధి తిరగబెడుతున్నదేమోనని వైద్యునికి చెప్పడానికి వెళుతుంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియనివారికి 2022లో వచ్చిన టెలీమానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

నేనింకా ఆ ఇంటికి వెళ్లలేదు. రెండుసార్లు వీధి మలుపు దాకా వెళ్లి తిరిగి వచ్చాను.