ఓసారి అటు వెళ్లి చూడండి

నాకు చెస్ నేర్పిన మాస్టారు పోయిన నెలలో కాలం చేశారు. ఆటలో ఇరుక్కుపోయి తల పట్టుకుంటే ఆయన ఒకటే మాట అనేవారు... ‘లే, అటు వెళ్లి నిలబడు. వాడి వైపు నుంచి బోర్డు చూడు’. చూస్తే తెలిసేది, నన్ను భయపెడుతున్నవాడి రాజు కూడా ప్రమాదంలోనే ఉన్నాడని!

అప్పట్లో నాకు ఒక్కడితోనే పోటీ. నాది దూకుడు, వాడిది నిదానం. జిల్లా పోటీల్లో వాడి చేతిలో ఓడాక మాట్లాడ్డం మానేశా. పదేళ్లు! మొన్న మాస్టారి సంతాప సభలో పక్కపక్కనే కూర్చున్నాం. ‘గెలిచిన సంగతి ముందు నీకే చెప్పాలనుకున్నారా. నువ్వేమో ముఖం తిప్పుకుని వెళ్లిపోయావ్’ అన్నాడు. బోర్డు దగ్గర నేర్చుకున్న పాఠం బయట ఒక్కసారీ వాడలేదని అప్పుడు అర్థమైంది.

పెద్ద ఆటగాళ్లు ఇలా ముఖాలు తిప్పుకొని కూర్చోలేదు. 2008లో బాన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో విశ్వనాథన్ ఆనంద్ చేతిలో క్రామ్నిక్ ఓడిపోయాడు. 2010లో సోఫియాలో తొపలోవ్‌తో పోరుకు ఆనంద్ సిద్ధమవుతుంటే సాయం చేసినవాళ్లలో అదే క్రామ్నిక్ ఉన్నాడు. 1995లో ఆనంద్‌ను ఓడించిన కాస్పరోవ్ కూడా ఉన్నాడు. మన ఆటలో లోపాలు ప్రత్యర్థి కంటే బాగా ఎవరికి తెలుస్తాయి చెప్పండి?

మీ ఫోన్‌లోనూ మ్యూట్‌లో పెట్టిన పాత స్నేహితుడు ఒకడు ఉండే ఉంటాడు. వాడి వైపు నుంచి ఒక్క నిమిషం ఆలోచించండి. వీలైతే ఇవాళే ఓ ‘హాయ్’ పెట్టండి. మా మాస్టారికి చూపిద్దామన్నా, మా ఇద్దరి ఫొటో ఇప్పుడు ఆయన చూడలేరు.