కాపరి పని యేది?

మన యుత్తరాంధ్ర పల్లెలలో ఒక పాస్టరుగారు రెండు మూడు సంఘములను చూచుకొనుట అరుదు గాదు. ఆదివారమొక యూర ప్రసంగము ముగించి మరియొక యూరికి పరుగెత్తవలెను. జ్వరపడిన యింటివారు ప్రార్థనకు ఆయనకే కబురంపుదురు. పెండ్లికి ఆయనయే, సమాధికి ఆయనయే, అన్నదమ్ముల తగవు తీర్చుటకును ఆయనయే. తక్కిన సంఘమంతయు చాపలపై కూర్చుండి ‘ఆమేన్’ అనుటకే యేర్పడినదా యని మేమడుగుచున్నాము. భోగాపుర ప్రాంతపు క్రైస్తవ సోదరులు ఈ ప్రశ్నను తమలో తాము వేసికొనదగిన కాలము వచ్చినది.

మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము గనుక విరామచిహ్నములపై మాకు కొంచెము చూపెక్కువ. దస్తావేజులో నొక కామా జరిగినచో నొక్కొక్కప్పుడు సరిహద్దే జరుగును. ఎఫెసీయులకు పౌలు వ్రాసిన పత్రిక నాల్గవ అధ్యాయమున, కాపరులును ఉపదేశకులును ఎందుకొర కియ్యబడిరో తెలుపు వాక్యము గలదు. 1611 నాటి ఆంగ్ల బైబిలులో నచ్చట నొక కామా పడుటచే, విశ్వాసులను సిద్ధపరచుటయు, పరిచర్య చేయుటయు, రెండును కాపరి పనులే యని చదువుకొనుట కవకాశము కలిగినది. రివైజ్డ్ స్టాండర్డ్ వర్షను యొక్క 1946 నాటి ప్రతిలోను ఆ కామా నిలిచియుండి, 1971 నాటి ప్రతిలో తొలగినది. తొలగగా నర్థము మారినది: పరిచర్య చేయవలసినవారు విశ్వాసులు; వారిని ఆ పనికి సిద్ధపరచుట కాపరి వంతు. పండితులలో నేటికిని భేదాభిప్రాయము లేకపోలేదు. మేము కామాను తీసివేసినవారి పక్షము. మన తెలుగుదేశ చరిత్రయు ఆ పక్షముననే సాక్ష్యమిచ్చుచున్నది.

కెనడా బాప్తిస్టు మిషను కాకినాడలో స్థాపించినవారెవరని యడిగిన, 1874లో వచ్చిన జాన్ మెక్లారిన్ దొరగారని చెప్పుదురు. ఆయనను పిలిచినదెవరు? థామస్ గాబ్రియేలు అను తెలుగువాడు. తంతి శాఖలో నుద్యోగము చేసినవాడు. ఆయన యుద్యోగము విడిచి, చుట్టుప్రక్కల తిరిగి బోధించి, సంఘమును కూర్చిన పిదపనే దొరగారు వచ్చిరి. తరువాతి యేండ్లలో భీమునిపట్టణము, బొబ్బిలి, శ్రీకాకుళము, విజయనగరములలో వెలసిన కెనడా వారి సంఘముల వెనుక తంతి శాఖ నుండి వచ్చిన యీ సామాన్యుడున్నాడని ఎందరు స్మరించుచున్నారు?

ఒంగోలు సంగతి చూడుడు. 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమియ్యబడినది. జాన్ క్లౌ దొరగారి పేరు లోకమంతట మ్రోగినది గాని, నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు దేశీయ బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసికొని ఆ పని నెరవేర్చిరి. అంతకు ముందే మాదిగ కులమున పుట్టిన తోళ్ల వర్తకుడు యెర్రగుంట్ల పేరయ్య తన బంధువుల నడుమ దారి వేసి యుండెను. క్లౌ దొరగారి ఘనత తాను చేసిన దానికంటె ఇతరులచే చేయించిన దానియందే యెక్కువ యని మా యభిప్రాయము.

ఈ మర్మమును దోర్నకల్లులో నొక భారతీయుడు విధిగా మార్చెను. 1912లో అభిషిక్తులైన అజరయ్యగారు ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషప్పు. ఆయన ప్రాంతమున బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తలపై చేయినుంచుకొని, ఇకమీద సాక్ష్యమిచ్చుట తన బాధ్యత యని పలుకవలసి యుండెను. పలికినవారిలో బహుళసంఖ్యాకులు అక్షరము రాని మాల మాదిగ కూలీలు. మతాంతరీకరణ విషయమై మహాత్మునికిని అజరయ్యగారికిని 1936–37లో తీవ్రమైన భేదము కలిగినది. ఆ వివాదమును మేమిచ్చట తిరుగదోడము. అంతవరకు వినుట మాత్రమే యెరిగిన కూలివానిచే నోరు విప్పించుట మాత్రము దేశసేవయే.

చదువు లేనివారి చేతికి బోధ నిచ్చినచో దుర్బోధలు ప్రబలునని కొందరందురు. ఈ భయము నిరాధారము గాదు. అందుచేతనే సిద్ధపరచుట యనుచున్నాము గాని, విడిచిపెట్టుట యనుట లేదు. జూనియరు ప్లీడరును మొదటి దినముననే సెషన్సు కేసులో నిలుపుదుమా? దస్తావేజులు చదివింతుము, ముసాయిదాలు వ్రాయింతుము, చిన్న వాయిదాలకు పంపుదుము, తప్పులు దిద్దుదుము. మూడేండ్లకు వాడే నిలువగలడు. సీనియరు తానే సర్వము వాదించు ఆఫీసులో జూనియరు నెరిసిన తలతోను సంచి మోయుచునే యుండును.

పైకి చెప్పని యాక్షేపణ మరియొకటి కలదు. అందరును పని నేర్చినచో పాస్టరుగారి పోషణ యెందుకని సంఘము అడుగునేమో! అడిగిన నడుగనిండు. నేర్పువాని విలువ యెరుగని సంఘమునకు, ఆ విలువ తెలియజెప్పుటయు నేర్పులో భాగమే.

ఆరంభమునకు గొప్ప సామగ్రి యక్కరలేదు. వారమున కొక సాయంకాలము నలుగురిని చేర్చి వాక్యము చదివించుట, రోగిని చూడబోవునప్పుడు ఒకరిని వెంటగొనిపోవుట, తరువాతి మారు వారినే పంపుట, కానుకల లెక్క పెద్దలచే వ్రాయించి అందరియెదుట చదివించుట. స్త్రీలను మరువరాదు. చదువురాని ముసలమ్మకును మన శ్రీకాకుళపు సీమ యెరిగిన పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు నోటికి వచ్చును. ఆమె పాడి యర్థము చెప్పగా విననివారుందురా?

భోగాపురమున విమానాశ్రయమునకై కొన్ని పల్లెలు లేచి వేరుచోట ఇండ్లు కట్టుకొనవలసి వచ్చినది. పల్లె లేచినప్పుడు ప్రార్థనా మందిరపు గోడలు వెంట రావు, మనుష్యులే వత్తురు. అట్టి క్రొత్త వీధిలో, పాస్టరుగారు వేరొక యూర నున్న రాత్రి, అరుగుమీద దీపము పెట్టి ఇరుగుపొరుగును కూర్చుండబెట్టి ప్రార్థన నడపగలవారెవరు? వారిని పాస్టరుగార్లు ఈ సంవత్సరమే గుర్తించి, నేర్పి, సంఘము నెదుట వారి పేరు చెప్పి ఆ పని నప్పగింపవలయునని మా మనవి.