విశాఖలో రెండు నెలలకు ఇల్లు దొరుకుతుందా?

ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఏ ఊరి నుంచైనా ఉద్యోగం చేసుకునే పిల్లలు ఇప్పుడు మన ఇళ్లలోనే ఉన్నారు. రెండు నెలలు సముద్రం పక్కన ఉండి పనిచేసుకుంటామంటారు. ఎక్కడికని అడిగితే పుదుచ్చేరి అంటున్నారు, విశాఖ అనడం లేదు. నాకిది బాధగా ఉంది. పనిచేసుకునే మనిషికి విశాఖే మేలైన ఊరు.

పుదుచ్చేరిని తక్కువ చేయను. సాయంత్రమయ్యేసరికి అక్కడ బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు. తెల్లారేదాకా ఆ దారంతా నడిచేవాళ్లదే. రోజంతా స్క్రీన్ చూసిన కళ్లకు అంతకంటే ఏం కావాలి? కానీ శుక్రవారం రాత్రికి చెన్నై, బెంగళూరు కార్లన్నీ అక్కడే దిగుతాయి. వైట్‌టౌన్‌లో గది అద్దె మండిపోతుంది. పెద్ద ఊరికి వెళ్లాల్సిన పని పడితే చెన్నై 150 కిలోమీటర్లు.

విశాఖలో పొద్దున్నే వందేభారత్ ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో ఉంటారు. ఒంట్లో బాగోకపోతే పెద్దాసుపత్రులు ఊళ్లోనే ఉన్నాయి. ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో వారానికి సరిపడా కూరలు కొనుక్కుని వండుకోవచ్చు. తుపాను భయమంటారా, అది రెండు ఊళ్లకూ ఉంది. 2024లో ఫెంగల్ పుదుచ్చేరిని ముంచేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో కరెంటు స్తంభాలెన్నో పడగొట్టింది. ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కొన్నిచోట్ల కరెంటు తీగలు భూమిలోకి దించారు. నెట్‌తోనే బతికేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మరి పిల్లలు ఎందుకు రావడం లేదు? ఒక టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేయండి.

“ఫ్యామిలీయేనా బాబూ?”

“ఒక్కడినే అండీ. రెండు నెలలకు కావాలి.”

“బ్యాచిలర్లకు ఇవ్వం నాయనా.”

అక్కడితో సరి. ఒకవేళ ఒప్పుకున్నా 11 నెలల అగ్రిమెంటు, కొన్ని నెలల అద్దె అడ్వాన్సు. అమ్మాయైతే ఎవరొస్తారు, రాత్రి ఎన్నింటికి వస్తావు అన్న ప్రశ్నలు అదనం.

ఓనర్లను తిట్టడం న్యాయం కాదు. విశాఖ పోర్టుతో, నేవీతో, స్టీల్‌ప్లాంటుతో పెరిగిన ఊరు. వచ్చినవాళ్లు క్వార్టర్స్‌లో దిగారు, లేదా సంసారంతో వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోయారు. పుదుచ్చేరి కథ వేరు. 1926 నుంచి అరవిందాశ్రమం, 1968 నుంచి దగ్గర్లో ఆరోవిల్. వాటికోసం నెలకో రెండు నెలలకో వచ్చేవాళ్లకు గదులివ్వడం అక్కడివాళ్లకు తరతరాల అలవాటు. తేడా అంతా అక్కడుంది. సముద్రంలో లేదు.

అలవాటు మనమూ చేసుకోవచ్చు. లాసన్స్ బే కాలనీలో, సాగర్‌నగర్‌లో పిల్లలు అమెరికా వెళ్లిపోయి, మేడ మీద వాటా తాళం వేసి ఉంచిన పెద్దవాళ్లు ఎందరో. ఆధార్, కంపెనీ ఉత్తరం చూసి, ఒక నెల అద్దె ముందుగా తీసుకుని ఇవ్వండి. డేటా సెంటర్లకు వందల ఎకరాలు చూపిస్తున్న ప్రభుత్వం, ఓనర్‌కీ కిరాయిదారుకీ భరోసా ఇచ్చే రెండు నెలల ఒప్పంద పత్రం ఒకటి తయారుచేయించాలి. అంతవరకూ ఆగక్కర్లేదు. ఈ సంక్రాంతిలోగా ఒక్క అపార్టుమెంటు సంఘమైనా మొదలుపెట్టి కబురు చేస్తే, ఆ వివరాలు ఈ శీర్షికలోనే రాస్తాను.