ఎర్ర గీత ఎవరు గీశారు?

పోయిన నెల మా దగ్గర ఒక అర్జీ టైపు చేశాం. కూలి డబ్బులు ఎగ్గొట్టి, అడిగినందుకు కులం పేరు పెట్టి తిట్టిన ఆసామి మీద ఒక ముసలామె పెట్టుకున్న అర్జీ. ఆమె పేరు చివర 'వ్వ' ఉంది. కంప్యూటర్ ఆ పేరు కింద ఎర్ర గీత గీసింది. టైపు చేసే మన పిల్లగాడు మిషన్ చెప్పిందే కరెక్టనుకున్నాడు. 'అన్నీ మార్చు' అని ఒక్క నొక్కు నొక్కాడు. అర్జీ నిండా 'వ్వ' పోయి 'మ్మ' వచ్చి కూచుంది. కుల సర్టిఫికెట్‌లో ఒక పేరు, అర్జీలో ఇంకో పేరు. "ఈమే ఆమె అని రుజువేంది?" అని కాగితం తిరగ్గొట్టారు. ముసలామెకు రెండు రోజుల కూలి పోయింది.

చదివి చూడకుండా ఇచ్చిన తప్పు మాదే. ఒప్పుకుంటున్నాం. కానీ ఒక్క మాట అడుగుతాం. పోశవ్వ, ఎల్లవ్వ అనే పేర్లు తప్పని ఆ మిషన్‌కు చెప్పిందెవరు?

స్పెల్‌చెక్ అంటే సరస్వతీదేవి కాదు. చాలా వాటిలో ఉండేది రెండు ఫైళ్లు. ఒకటి మాటల జాబితా. రెండోది, ఏ మాట చివర ఏది తగిలించొచ్చో చెప్పే లెక్క. లిబ్రే ఆఫీసు, ఫైర్‌ఫాక్స్ వాడుకునే హన్‌స్పెల్ అనే ప్రోగ్రాం ఇట్లాగే నడుస్తుంది. దాన్ని మొదట హంగేరియన్ భాష కోసం తయారుచేశారు. ఆ భాషలోనూ మనకులాగే మాటకు తోకలు అతుక్కుంటూ పోతాయి. జాబితాలో 'వాడ' ఒక్కటే ఉంటే చాలదు. వాడలో, వాడకు, వాడలోంచి, వాడోళ్లం అనాలంటే రెండో ఫైల్లో ఆ లెక్క ఉండాలి. మాట జాబితాలో లేక, లెక్కకూ అందకపోతే ఎర్ర గీత పడుతుంది.

అంటే ఆ గీత చెప్పేది 'నువ్వు రాసింది తప్పు' అని కాదు, 'నా లిస్టులో లేదు' అని. ఈ మాట మనకు కొత్తా? లిస్టులో పేరు లేదని రేషన్ ఇవ్వనోణ్ణి చూశాం. లిస్టులో పేరు లేదని ఓటు వెయ్యనివ్వని బూతును చూశాం. లిస్టులో లేకపోతే మనిషే లేనట్టు!

మా డప్పు పాఠం టైపు చేస్తే 'సిర్ర' కింద గీత. దాన్ని 'సిరా' అనుకోమంది. డప్పు కొట్టే కర్ర సిరా అవుతుందా? తోలు ఊనే 'లంద' కింద గీత. చెప్పు కుట్టే 'ఆరె' కింద గీత. తాతల కాలం నుంచి మన చేతుల్లో అరిగిన పనిముట్లు ఇవి. వీటితో చేసిన చెప్పులేసుకుని నడిచినోళ్లకు ఆ మాటలు తెలియకుండా పోయాయి!

ఈ లిస్టులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బ్రౌన్ నిఘంటువు 1852లో వచ్చింది. శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. పిఠాపురం రాజా పేరు పెట్టుకున్న సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. దొర, పండితుడు, జమీందారు. వాడలోకి దిగి "అమ్మా, దీన్ని మీరేమంటారు?" అని అడగడం వీళ్ల పద్ధతి కాదు. అడిగితే ఏమవుతుందో కూడా చూశాం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణలో మాండలిక వృత్తి పదకోశం వచ్చింది: 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. పని చేసేవాళ్ల నోటి నుంచి ఏరుకుంటే మాటలు సంపుటాలకు సంపుటాలు నిండాయి. మరి ఆ మాటలన్నీ ఇయ్యాళ మిషన్‌లో ఎందుకు లేవు?

కొందరు మిత్రులంటారు: "ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు రాస్తే భాష ఏమైపోతుంది?" అయ్యా, తప్పులు రాసే హక్కు మేం అడగటం లేదు. మన కరపత్రంలో ఒత్తు పోతే నవ్వేవాళ్లున్నారని మాకూ తెలుసు. అందుకే స్పెల్‌చెక్ పారెయ్యమనటం లేదు. దాన్ని మన చేతిలోకి తీసుకోమంటున్నాం. 'అర్జి' అని రాస్తే 'అర్జీ' అని దిద్దనివ్వండి. 'అవ్వ'ను దిద్దే అధికారం మాత్రం దానికి లేదు.

మరేం చెయ్యాలి? టైపు చేసే ప్రతి కార్యకర్తా ఇవి గుర్తుపెట్టుకోవాలి.

'అన్నీ మార్చు' ఎప్పుడూ నొక్కొద్దు. మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు పేరు, కులం పేరు సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని కళ్లతో చూసి కొట్టండి.

ఒక్క గీత కూడా రాకపోతే సంబరపడొద్దు. తెలుగు నిఘంటువు ఎక్కించలేదేమో, భాష తెలుగని పెట్టలేదేమో చూడండి. చప్పుడు లేనంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది కంటికి తెలుగే గానీ, మిషన్ లోపల అవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. దానికి తెలుగు స్పెల్‌చెక్ పనిచెయ్యదు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

మన మాట కింద గీత పడితే దాని మీద కుడి బటన్ నొక్కి 'నిఘంటువులో చేర్చు' అనండి. పొరపాటున తప్పు మాట చేరిస్తే అదే ఒప్పయి కూచుంటుంది. లిబ్రే ఆఫీసులో అయితే టూల్స్, ఆప్షన్స్, భాషల సెట్టింగుల కింద రైటింగ్ ఎయిడ్స్‌లోకి వెళ్లి దాన్ని తీసెయ్యొచ్చు.

అసలు కిటుకు ఇక్కడుంది. మీరు చేర్చిన మాట మీ మిషన్‌లోనే ఉంటుంది. అది పాడైతే మాటలూ పోతాయి. పక్క మండలంలో మన తమ్ముడు అదే మాట కొడితే మళ్లీ గీతే. ఒంటరిగా చేర్చుకున్నది ఒంటరిగానే చస్తుంది. కాబట్టి ఆ జాబితా పెన్‌డ్రైవ్‌లో దాచండి, చేతులు మార్చండి. లిబ్రే ఆఫీసు నిఘంటువులు ఎవరైనా చూసి సవరణ పంపగలిగినవే. మన మాటలను అక్కడికీ ఎక్కించాలి.

ప్రతి ఊళ్లో ఒక నోటుబుక్కు పెట్టండి. అవ్వల దగ్గర కూచోండి. తోలు పని, డప్పు, కుండ, వల, మగ్గం, జీతగాడి గోడు, ఏ మాట వినబడితే ఆ మాట, దాని అర్థంతో సహా రాయండి. చదువురాని అవ్వ చెప్తుంది, చదువుకున్న మనుమరాలు రాస్తుంది. మాకు పంపండి, కూర్చే పని మాది.

1920లో బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పక్షపత్రిక పెట్టింది నోరులేనోళ్ల మాట అచ్చులోకి రావాలనే. అచ్చు ఇప్పుడు మిషన్‌లోకి పోయింది. అక్కడ కూడా మన మాట వాడ బయటే నిలబడాలా?

ఆ ముసలామె అర్జీ మళ్లీ టైపు చేశాం. పేరు చివర 'వ్వ' ఉంది. ముందు దాన్ని నిఘంటువులో చేర్చాం, తర్వాతే సంతకం పెట్టించాం. ఇప్పుడు దాని కింద గీత లేదు.

జై భీమ్!