సఫర్‌కి అమీర్ ఎవరు?



పిల్లలకు ఛుట్టీలు ఇచ్చారు. ఇంట్లో మళ్ళీ అదే బహస్ మొదలైంది. ఈసారి టెంట్ వేసుకుని, గాలాలు పట్టుకుని ఎక్కడికి వెళ్దాం? మేం ఖమ్మంలో ఉంటాం. చుట్టుపక్కల నీళ్ళకు కొదవ లేదు. మా ఛోటా భాయ్ "కిన్నెరసాని" అంటాడు. మా భాంజా "సూర్యలంక బీచ్" అంటాడు. మా పెద్దబ్బాయి ఫోన్‌లో లక్నవరం వేలాడే వంతెన ఫొటోలు చూపిస్తాడు. దస్తర్ఖాన్ ఎత్తేసినా బహస్ మాత్రం ఆగదు.

నేను ఈసారి ఏమీ అనలేదు. ఎందుకంటే పోయినసారి జగహ్ ఎంచింది నేనే.

ఒక డ్యాం బ్యాక్‌వాటర్ ఒడ్డు అది. చేపలు బాగా పడతాయని ఎవరో చెప్తే వెళ్ళాం. నిజంగానే పడ్డాయి. మగవాళ్ళం ఫజర్ నుంచి గాలాలు వేసుకుని కూర్చున్నాం. రెండు రవ్వలు, ఒక బొచ్చె, లెక్కలేనన్ని జెల్లలు. మాషా అల్లాహ్ అనుకుంటూ ఫొటోలు దిగాం. అక్కడ చెట్టు నీడ లేదు, బాత్రూం అసలే లేదు. మా బేగం, మా భాభీ రాళ్ళ పొయ్యి ముందు ఎండలో కూర్చుని చేపలకు పొలుసు తీస్తూనే ఉన్నారు. అమ్మీ మాత్రం "నాకు ప్యాస్ లేదు బేటా" అంటూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో నాకు మూడు రోజుల తర్వాత, పెషాబ్‌లో మంటతో, జ్వరంతో ఆమెను హాస్పిటల్‌కి తీసుకెళ్ళినప్పుడు తెలిసింది. నీళ్ళు తాగితే ఎక్కడికి వెళ్ళాలి? చుట్టూ ఖాళీ మైదానం, దూరంగా జాలర్లు, ఇంకో గుంపు కుర్రాళ్ళు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి హయా కోసం దాహాన్ని అణుచుకుంది.

ఆ ఫొటోలు నా ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. చేపలన్నీ ఉన్నాయి. అమ్మీ ఒక్క దాంట్లోనూ లేదు.

అందుకే నా రాయ్ ఇది. సఫర్‌కి జగహ్ ఎంచేటప్పుడు చేపలు ఎక్కడ పడతాయన్నది ఆఖరి సవాల్. మొదటి సవాల్, మనలో అందరికన్నా కమ్‌జోర్ ఎవరు, వాళ్ళకు అక్కడ సుకూన్ ఉంటుందా అన్నది. ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. జమాత్‌తో నమాజ్ చదివించే ఇమామ్, వెనకున్న వాళ్ళలో బలహీనుణ్ణి దృష్టిలో పెట్టుకోవాలని హదీస్‌లో తాలీమ్ ఉంది. నమాజ్‌కే ఆ రియాయత్ ఉంటే, చేపల శికార్‌కి ఉండదా? ముగ్గురు సఫర్‌కి బయల్దేరితే ఒకరిని అమీర్ చేసుకోమని కూడా హదీస్ ఉంది. మన ఇళ్ళల్లో ఆ అమీర్ ఎప్పుడూ కారు స్టీరింగ్ పట్టుకున్నవాడే. వంటా గిన్నెలూ సర్దే వాళ్ళతో మష్వరా ఉండదు.

"ఇంత తక్లీఫ్ ఎందుకు, ఔరతుల్ని ఇంట్లో ఉంచి మనం మనం వెళ్తే సరి" అనే భాయీలున్నారు. మా ఛోటా భాయ్ కూడా అదే అన్నాడు. అతనికి నేను చెప్పింది ఒక్కటే. మన హుజూర్ (స.అ.స.) సఫర్‌లో హజ్రత్ ఆయిషా (ర.అ.)తో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు, తర్వాత ఇంకోసారి ఆయన గెలిచారు. సఫర్‌లో ఆడవాళ్ళ ఖుషీకి జాగా ఉందని చూపించడానికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా మా పదేళ్ళ బేటీకి గాలం వేయడం నేర్చుకోవాలని ఉంది. బెండు మునగగానే కర్ర ఎత్తాలని దానికి నేనే చెప్పాను. ఇప్పుడు దాన్ని ఇంట్లో కూర్చోమని ఏ మొహంతో చెప్పను?

ఇక జగహ్‌ల సంగతి. కిన్నెరసాని అందంగా ఉంటుంది, కాదనను. కానీ అది అభయారణ్యం, నీళ్ళలో మొసళ్ళున్నాయి. అక్కడ ఇజాజత్ లేకుండా టెంట్ వేయడం, గాలం వేయడం కుదరదు. దొంగచాటుగా పట్టిన చేపతో బిస్మిల్లాహ్ అని భోజనం మొదలుపెట్టడం నాకు మనసొప్పదు. సూర్యలంక అలలు బాగుంటాయి, కానీ ఈత రాని పిల్లలు ఏడుగురున్న ఖాందాన్ మాది. ప్రతి ఎండాకాలం నీళ్ళలో మునిగిపోయిన పిల్లల ఖబర్లు పేపర్‌లో చదువుతూనే ఉన్నాం. సముద్రం మీద పడవలో వెళ్ళి పడదామా అంటే, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు బందీ ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం అది, ఆ బందీ సరైనదే. లక్నవరం కాకతీయుల కాలం నాటి చెరువు. కాటేజీలున్నాయి, బాత్రూంలున్నాయి, పర్దాకు వసతి ఉంది. కానీ సెలవుల్లో జనం కిక్కిరిసి ఉంటారు, గాలం వేసుకుని ఖామోష్‌గా కూర్చునే తావు కాదు. అయినా చేపల షౌక్ లేనివాళ్ళకు నేను లక్నవరమే చెప్తాను.

చివరికి అమ్మీని, బేగంని, భాభీని కూర్చోబెట్టి అడిగాం. అమ్మీ చాలాసేపు "మీ ఇష్టం బేటా" అంది. బేగం ఊరుకోలేదు. "మీ ఇష్టం అంటే పోయినసారి ఏమైందో చూశారుగా అమ్మీ. ఈసారి మీరే చెప్పండి" అంది. అప్పుడు అమ్మీ మెల్లగా అంది. "నీడ ఉండాలి. తలుపుకి గడియ ఉన్న బాత్రూం ఉండాలి. అంతే."

అంతే! ఆ రెండిటి కోసం కిన్నెరసాని, సూర్యలంక అన్నీ పక్కన పెట్టి పాలేరు ఖరారు చేశాం. ఇంటి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చి చేరే రిజర్వాయర్ అది. దగ్గర్లో అబ్బా పాత దోస్త్‌ది మామిడి తోట ఉంది. బోరు ఉంది, గడియ ఉన్న బాత్రూం ఉంది. టెంట్లు తోటలో, గాలాలు ఒడ్డు మీద. ఏమైనా జరిగితే గంటలోపు హాస్పిటల్. 78 కిలోమీటర్ల లోపే కాబట్టి ఖసర్ లేదు, నమాజులు పూరీగా చదవాలి. తోటలో ఇరవై మంది సఫ్ కట్టే జాగా ఉంది. చేపలు ఎర బాగా అందుకునేది తెల్లవారుజామున, పొద్దుగుంకేటప్పుడు. అంటే సరిగ్గా ఫజర్, మగ్రిబ్ వేళలు. ముసల్లా దగ్గర్లో లేకపోతే బెండు వైపు చూస్తూ నమాజ్ ఖజా చేసుకునే మనుషులం మనం. ఇది నా సొంత కంజోరీ, ఒప్పుకుంటున్నాను.

ఇంకో మాట. చేపకు జబీహా అక్కర్లేదు, అది అల్లాహ్ మనకిచ్చిన ఆసానీ. అడవిలోనైనా ఒడ్డు మీదైనా హలాల్ మాంసం కోసం వెతుక్కునే పని లేదు. కానీ ఇలాంటి నీళ్ళలో చేపల మీద జాలర్ల సొసైటీలకు హక్కుంటుంది. పిల్లల్ని వదిలి, పెంచి, అమ్ముకుని బతికే వాళ్ళ రోజీ అది. అందుకే ముందు వెళ్ళి సొసైటీ పెద్దను కలిశాం. ఆయన నవ్వి "గాలానికి ఎన్ని పడతాయి భాయ్, వేసుకోండి" అన్నాడు. వల మాత్రం వేయమని మాట ఇచ్చాం. దావత్‌కి కావలసిన చేపలు వాళ్ళ దగ్గరే కొంటామని కూడా చెప్పాం. హుఖూఖుల్ ఇబాద్ అంటే ఇలాంటి చిన్న చిన్న సంగతులే అని నా నజర్. మసాయిల్ ఏమైనా ఉంటే మీ మహల్లా ముఫ్తీ సాబ్‌ను అడగండి, నేను ఆలిమ్‌ని కాను.

మా భాంజాకి నిరాశగానే ఉంది. "మామూ, మామిడి తోటలో పడుకోవడం కూడా క్యాంపింగేనా?" అని మూతి ముడుచుకున్నాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. అడవి రాత్రి వేరు, తోట రాత్రి వేరు. వాడు పెద్దయ్యాక దోస్తులతో అడవికి వెళ్తాడు, ఇన్షా అల్లాహ్. ఈ సఫర్ మాత్రం వాడి నానీమాది.

ఈసారి వంటకు బారీ వేశాం. మొదటి రోజు పొయ్యి మగవాళ్ళది, పొలుసు తీసేది నేను. అమ్మీకి ఒడ్డు మీద కుర్చీ వేస్తాం, చేతిలో గాలం పెడతాం, పక్కన నీళ్ళ సురాహీ పెడతాం. మీరు కూడా ఈ ఛుట్టీల్లో ఎక్కడికైనా బయల్దేరే ముందు మీ ఇంట్లో "మీ ఇష్టం" అనే మనిషిని ఇంకోసారి అడిగి చూడండి.