పీడీఎఫ్ నింపి ‘సేవ్’ కొడితే పని అయిపోదు

ఫోన్ రివ్యూ అంటే కెమెరా, బ్యాటరీ, గేమింగ్. అందులోని పీడీఎఫ్ యాప్ ఫైల్‌ని ఫ్లాటెన్ చేస్తుందా లేదా అని ఎవరూ చూడరు. నా లెక్కలో అదీ చూడాల్సిందే.

అల్లవరంలో ఉన్న స్టూడెంట్ ఇప్పుడు ప్రతి ఫారం కోసం అమలాపురం బస్సెక్కక్కర్లేదు. ఫోన్‌లోనే నింపి, వేలితో సంతకం గీసి పంపేయొచ్చు. తిరకాసు ఏంటంటే, మనం నింపిన పేరు, టిక్కు, సంతకం చాలా యాప్‌లలో పేజీలో కలిసిపోవు. పేజీ మీద విడిగా ఉంటాయి. అవతలివాళ్లు వాటిని మార్చొచ్చు, తీసేయొచ్చు. కొన్ని యాప్‌లలో తెరిస్తే గడులు ఖాళీగానే కనిపిస్తాయి. లాస్ట్ డేట్ నాడు ఇలా జరిగితే స్కాలర్‌షిప్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఫ్లాటెన్ అంటే ఆ విడి ముక్కలన్నిటినీ పేజీలోనే అచ్చు వేసేయడం. ఆండ్రాయిడ్‌లో ప్రింట్ నొక్కి, ప్రింటర్ బదులు ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకుంటే సాధారణంగా ఈ పని అయిపోతుంది. ఐఫోన్‌లో ప్రింట్ ప్రివ్యూని రెండు వేళ్లతో పెద్దది చేసి షేర్ చేయాలి. పంపే ముందు ఇంకో యాప్‌లో తెరిచి చూసుకోండి.

అలాగని అన్నిటినీ ఫ్లాటెన్ చేసేయకండి. ఈ-ఆధార్‌లో డిజిటల్ సంతకం ఉంటుంది. ఇలా ప్రింట్ చేసి సేవ్ చేస్తే ఆ కొత్త ఫైల్‌లో అది చెల్లదు. నింపిన ఫారం ఒరిజినల్ కూడా దాచుకోండి, తర్వాత తప్పు దిద్దాలంటే అదే దిక్కు.

ఇంకో మాట. ఫ్లాటెన్ చేసినంత మాత్రాన కింద ఉన్నది చెరిగిపోదు. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టుకిచ్చిన పీడీఎఫ్‌లో నల్లగా కప్పిన లైన్లను కాపీ, పేస్ట్ చేసి చదివేశారు. ఆధార్ నంబర్ మీద నల్ల గీత గీసి పంపేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. దానికి యూఐడీఏఐ ఇచ్చే మాస్క్‌డ్ ఆధారే వాడండి. అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

ఇవన్నీ యూజర్ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఏఐ ఫీచర్లకి హోమ్ స్క్రీన్‌లో చోటిచ్చే కంపెనీలు, షేర్ నొక్కగానే ‘అవతలివాళ్లు మార్చుకోవచ్చా, వద్దా?’ అని ఒక్క ప్రశ్న అడగలేవా? ఆ ప్రశ్న అడిగే యాప్‌కి నేనైతే ఒక మార్కు ఎక్కువే వేస్తా.